మూల రాటకు ఊతం

తమ్ముడికి అక్క దీవెనలు. కంచె పడిందని విని మందను అమ్మేద్దామని రాశావు. దేవుడి దయవల్ల బయటపడ్డ ఆవులన్నీ ఇల్లు చేరాయి, కంగారు పడకు.

మీ బావ మిట్టమధ్యాహ్నపు ఎండలో తీగను బిర్రుగా లాగి కట్టారు. తెల్లవారుజాము చలికి అది బిగుసుకుపోయి మూల రాటనే పెకలించింది. "రాట పడితే పడింది గానీ, నా తీగ తెగిందా?" అని ఇంకా మీసం తిప్పుతున్నారు. ఈసారి రాటను నడుంలోతు పాతి, ఏటవాలుగా ఊతం పెట్టి, తీగకు కాస్త వదులిచ్చాం. నిన్న ఆంబోతు మెడ దురద తీరేదాకా రుద్దుకున్నా రాట కదల్లేదు.

మరదలి దగ్గు తగ్గిందా? పిల్లదాని చెప్పుల కొలత రాయి.

బేరగాడు వస్తే మంచినీళ్లిచ్చి, అమ్మడం లేదని పంపేశాను. నీ మాట కాదన్నానని అలగకు. మీ ముగ్గురినీ స్వామి చల్లగా చూడాలి.

అక్క