మూడుసార్లు ఊపిన నీలం జెండా

చెన్నై,
జనవరి 20

ప్రియమైన అక్కా,

ఫోన్లో చెబితే మర్చిపోతున్నా, మీ కారు రేసుల మాటలు కాగితం మీద రాయమన్నావుగా, రాస్తున్నాను. ట్రాక్ ఒకసారి చుట్టొస్తే ఒక ల్యాప్. ముందురోజు అందరికన్నా తక్కువ టైములో ల్యాప్ కొట్టినవాడు రేసులో మొట్టమొదట నిలబడతాడు, అది పోల్. టైర్లు మార్చుకోడానికి ఆగే చోటు పిట్. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉందని, గళ్ల జెండా ఊపితే రేసు అయిపోయిందని. నీలం జెండా మాత్రం అందరికీ ఊపరు. మొన్న నాకు మూడుసార్లు ఊపారు.

నీ తమ్ముడు,
ధనుంజయ్

విజయవాడ,
జనవరి 27

ప్రియమైన తమ్ముడూ,

నీ ఉత్తరం కొట్లో గోడకి అంటించాను. చీరలకి వచ్చినవాళ్లకి ముందు జెండాల పాఠం, ఆ తర్వాతే బేరం. పక్క కొట్టు రావమ్మ పిన్నిగారైతే మూడుసార్లా అని బుగ్గలు నొక్కుకుంది. ఎనిమిదో తారీఖు రేసుకి పదకొండుమందిమి వస్తున్నాం. మొదటి వరసలోనే టికెట్లు దొరికాయి. నీకు నీలం జెండా ఊపగానే లేచి చప్పట్లు కొట్టాలని అందరికీ చెప్పి ఉంచాను. వేళకి తిను.

నీ రాజక్క

చెన్నై,
ఫిబ్రవరి 9

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదక్కా,

ఇది మీ లాడ్జిలో ఇచ్చి వెళ్లిపోతున్నాను. ఫోన్ ఆపేశాను. నీలం జెండా అంటే నేను ఒక ల్యాప్ వెనకబడ్డానని, అందరికన్నా ముందున్నవాడు చుట్టు తిరిగి నా వెనక్కి వచ్చేశాడని, దారివ్వమని. నువ్వంత గర్వంగా అడుగుతుంటే నిజం రాయలేకపోయాను. నిన్న జెండా ఊపగానే మీరంతా లేచి నిలబడటం మలుపులో కనిపించింది. దారిస్తే మీ ముందే పరువు పోతుందని ఇవ్వలేదు. అందరికన్నా ముందున్న ఎలీషా కారు వెనకనుంచి నాకు తగిలి గోడకి కొట్టుకుంది. అతని చెయ్యి విరిగిందన్నారు. తల కొట్టేసినట్టుంది. పిన్నిగారికి, కొట్టుకొచ్చేవాళ్లకి ఏ మొహం పెట్టుకుని కనిపించను? ఇంక బెజవాడ రాను.

ధనుంజయ్

చెన్నై,
ఫిబ్రవరి 10

ప్రియమైన తమ్ముడూ,

కోపంగా ఉన్నా ప్రియమైన అనే రాస్తున్నాను. మేం చప్పట్లు కొడుతుంటే వెనక వరసాయన నవ్వి అసలు సంగతి చెప్పాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు ఒక పూటలో పోయింది. నీ ఉత్తరం చదివాక పట్టుకున్నది పోవడం లేదు. కాగితం నిండా నీ పరువు, నీ మొహం. ఆ కుర్రాడు ఇప్పుడెలా ఉన్నాడో కనుక్కున్నట్టు ఒక్క ముక్క లేదు.

అందరినీ రైలెక్కించి నేను ఆసుపత్రికి వచ్చేశాను. ఎలీషా వాళ్లది గన్నవరమట. తల్లి తెరేసమ్మగారు తెలుగు మాట వినగానే పక్కన కూర్చోబెట్టుకుని తన క్యారేజీలో సగం అన్నం నాకు పెట్టింది. "మీవాళ్లెవరికి బాగోలేదండీ?" అనడిగింది. ఆ అన్నం తిన్నాను.

ఇది మీ టీమ్ ఆఫీసుకి పంపిస్తున్నాను. ఆవిడకి జవాబు చెప్పాల్సింది నేను కాదు. నువ్వొచ్చేదాకా ఆవిడ పక్కనే కూర్చుంటాను.

అక్క