తీగ ఉన్న చెవి మిషను

మట్టెవాడ, వరంగల్
12-8-1984

బావమరిది జ్ఞానప్రకాశానికి, వందనాలు.

తీగలేని చెవి మిషను ఎవరికీ కనబడదని, అదే కొంటానని రాశావు. వద్దు. జేబులో డబ్బా, చెవిదాకా తీగ ఉన్నదే పంపు.

నా చెవుడు గురించి నేను ఎవరికీ చెప్పుకోలేదు. మీ అక్కే ముందుగా చెప్పేది: "జర దగ్గరికొచ్చి మాట్లాడుండ్రి, మా సారుకు ఇనబడది. నేను నోట్లోనోట్ల గులుగుతె మాత్రం అన్నీ ఇనబడ్తయి." అందరూ నవ్వేవారు.

మొన్న ఆమె జ్ఞాపకార్థ కూడికలో ఒక్కొక్కరూ లేచి ఆమె గురించి మాట్లాడారు. కొందరు ఏడ్చారు, కొందరు నవ్వారు. నాకు ఒక్క మాటా అందలేదు. అడగడానికి నోరు రాలేదు.

తీగ కనబడితే మనుషులు వాళ్లంతట వాళ్లే దగ్గరికొస్తారు. ఆ రోజు నా మార్తమ్మ గురించి ఏమన్నారో మళ్లీ చెప్పమంటాను.

నీ బావ