నా కూతురి మీద నేను కాయని పందెం

స్కాట్లండ్‌లోని ఫైఫ్ తీరంలో, పిట్‌హేవెన్ హార్బర్ వీధి పదకొండో నంబరు ఇంట్లో ఉంటున్న వాల్టర్ కిన్నియర్ అనే నేను, వయసు డెబ్బై తొమ్మిది, ఈ ఊరి గోల్ఫ్ మైదానంలో నలభై రెండేళ్ళు పచ్చిక కోసినవాణ్ణి, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో ఈ వీలునామా రాస్తున్నాను. మొన్న ఆదివారం నుంచీ ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నవ్వుకుంటున్న మాట నిజమే. దాన్ని మతి చలించడమని రేపు ఎవరూ వాదించకూడదు. నా కూతురు ఐల్సా ఏడాది పొడవునా ఇరవై ఆరు పోటీల్లో పాయింట్లు పోగేసుకుని, స్పెయిన్‌లో జరిగిన ఆఖరి పోటీతో మహిళల గోల్ఫ్ సీజన్ టైటిల్ గెలిచింది. అలాంటప్పుడు నవ్వని తండ్రినే డాక్టరుకు చూపించాలి.

ఇంతకు ముందు రాసిన వీలునామా రద్దు.

1. దీన్ని అమలు చేయవలసినవారు నా కొడుకు గ్రెగర్, లాయరు మిస్ లారీ.

2. ఇల్లు గ్రెగర్‌కూ ఐల్సాకూ చెరి సగం. నా పనిముట్లన్నీ గ్రెగర్‌వే. వాడు నాకు ఏనాడూ తలనొప్పి తేలేదు కాబట్టి వాడి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. అంతే తప్ప ప్రేమ తక్కువై కాదు, నాయనా.

3. నా బావమరిది డేవీ మెల్డ్రమ్‌కు నా నిచ్చెన. పద్దెనిమిదేళ్ళ కిందట పట్టుకెళ్ళాడు, ఇంకా వాడి దగ్గరే ఉంది. ఇక ఉంచుకోమనండి.

4. ఐల్సాకు నా మంచం కింది బిస్కెట్ల డబ్బా. అందులో పదకొండు పందెం చీటీలున్నాయి. అన్నీ ఓడిపోయినవే. వాటి సంగతి ఇక్కడ రాయక తప్పదు.

నేను కాసిన ఆటగాడు గెలిచిన పాపాన పోలేదు. ఒకడు ఆఖరి రోజు అందరికంటే ముందుండి, తప్పు లెక్క ఉన్న స్కోరు కార్డు మీద సంతకం పెట్టి పోటీలోంచే పోయాడు. ఇంకొకడు సొంత గరాజు తలుపులో వేలు నలగ్గొట్టుకున్నాడు. "బావా, నువ్వు సూర్యుడి మీద కాస్తే రేపు తెల్లారదు" అని డేవీ బార్లో అందరి ముందూ అనేవాడు. పక్క ఊరి వాళ్ళయితే "మా కుర్రాడి జోలికి రాకు, వాల్టర్" అని నాకు బీరు కొనిచ్చి మరీ బతిమాలేవారు.

ఐల్సా ప్రొఫెషనల్ అయిన ఏడాది నుంచీ, ప్రతి జనవరిలో పందేల దుకాణానికి వెళ్ళి, ఆ సీజన్లో ఆమెకు అందరికంటే గట్టి పోటీ ఎవరో చూసి, ఆ అమ్మాయి మీద కాశాను. నా నష్టజాతకం కాస్తా ఆ అమ్మాయికి అంటుకోవాలని. నా బిడ్డకు నేను చేయగలిగింది అదొక్కటే. చెబితే పనిచేయదని నా భార్య జెస్సీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఏడేళ్ళ కిందట ఐల్సా నా టోపీలో ఒక చీటీ చూసింది. "సొంత నాన్నవి, నా మీద ఒక్క పౌండు పెట్టలేవా? అంత నమ్మకం లేదా నీకు?" అంది. నేను ఆ చీటీ తీసుకుని మళ్ళీ టోపీలోనే దోపుకున్నాను. ఆ తర్వాత రెండేళ్ళు ఫోను చేస్తే వాళ్ళమ్మతోనే మాట్లాడింది. "చెప్పెయ్యవయ్యా, మొండి మనిషీ" అని మా జెస్సీ పోయేముందు కూడా పోరింది. గెలిచాక చెబుతానన్నాను.

ఆదివారం గెలిచింది. స్పెయిన్ నుంచి ఏడుస్తూ నవ్వుతూ ఫోను చేసి, "నాన్నా, ఈసారి కూడా నా మీద కాయలేదా?" అంది. "లేదమ్మా" అన్నాను. చెప్పాల్సిందంతా చెప్పకుండానే ఫోను పెట్టేశాను.

5. స్వీడన్ ఆటగత్తె మైకెన్ ఓస్ట్‌బెర్గ్‌కు నేను చేసిన రూబార్బ్ కాడల జాము ఆరు సీసాలు. మూడేళ్ళు వరసగా ఆమె మీద కాశాను. ఆమె మోకాలికి తగిలిన దెబ్బ విషయంలో క్షమించమనాలి. ఎందుకని అడిగితే చెప్పనక్కర్లేదు.

6. నేను పోయాక కూడా, ఐల్సా ఆడినన్నాళ్ళూ, ఏటా జనవరిలో నా సొమ్ములోంచి ఐదు పౌండ్లు తీసి ఆమె గట్టి ప్రత్యర్థి మీద కాయాలి. నా పేరు మీదే కాయాలి. గ్రెగర్ తన పేరు మీద కాయకూడదు. వాడిది కలిసొచ్చే చెయ్యి, కొంప మునుగుతుంది.

7. వీలునామాను మనిషి పోయాకే చదవాలట. "బతికుండగా చదివిస్తే అది వీలునామా ఎందుకవుతుంది వాల్టర్ గారూ, ఉత్తరం అవుతుంది" అంది మిస్ లారీ. అవనీ. ఐల్సా శనివారం ఇంటికి వస్తోంది. ఆదివారం భోజనాల దగ్గర, సూపు అయ్యాక, గ్రెగర్ నాలుగో అంశం పైకి చదవాలి. నేను చదవలేను. నేను ఆమెకు ఎదురుగా కూర్చుంటాను. చదవడం అయ్యాక నా బిడ్డ తలెత్తి నా వంక చూస్తుంది కదా, ఆ చూపు నాకు కావాలి. పోయాక దాన్ని నాకెవరు తెచ్చిస్తారు?

2022 నవంబరు 30, బుధవారం, పిట్‌హేవెన్.

(సంతకం) వాల్టర్ కిన్నియర్

సాక్షులు:
సెంగా పాటుల్లో, పందేల దుకాణంలో గుమాస్తాను. పదకొండు చీటీలూ నా చేత్తో ఇచ్చినవే.
ఆండ్రూ బలింగల్, మాంసం కొట్టు.