ఇంటి ముందు ఆగిన బండి

బందరు,
జూన్ 2

ప్రియమైన నవాజ్ భయ్యాకు,

ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానని పెట్టేస్తావు. అందుకే మందుల వ్యానులో ఈ ఉత్తరం పంపుతున్నాను. రేపు నీ అంబులెన్సుకి జీపీఎస్ తెర బిగిస్తారు. ఇదివరకు ఏ బండి ఎక్కడుందో మా కంట్రోల్ రూములో తెలిసేది కాదు. కోడూరులో ఎవరికో గుండెనొప్పి వస్తే గుడివాడ బండిని పంపి నాలిక కరుచుకున్నాం. ఇప్పుడు ఉపగ్రహం పుణ్యమా అని బళ్లన్నీ నా ముందు చుక్కలై కదులుతాయి. నీ చుక్క ఎప్పుడు కనిపిస్తుందా అని నాకు కాలు నిలవడం లేదు.

ఒక్కటే షరతు. ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి రోగి ఆస్పత్రికి చేరేదాకా పట్టే సమయం ఈ నెలాఖరుకి తగ్గాలి. లేకపోతే యంత్రాలు పీకేస్తారు. ఇవి కావాలని పట్టుబట్టింది నేనే. నా పరువు నీ చేతుల్లో ఉంది.

నీ చెల్లి,
నీలోఫర్

అవనిగడ్డ,
జూన్ 9

ప్రియమైన నీలూ,

నీ తెర బంగారం. కాలవకి ఏ వంతెన ఎక్కడుందో దానికి నాకంటే బాగా తెలుసు. కోడూరు అవతల గట్టు మీది ఊరికి ముప్పావుగంట పట్టేది, మొన్న పద్దెనిమిది నిమిషాల్లో వాలాను. పాండురంగ గారని ఒక పెద్దాయనకి ఆయాసం. నేను స్ట్రెచర్‌తో పరుగెత్తుకెళ్తే ఆయన అరుగు మీద కూర్చుని గడ్డం గీయించుకుంటున్నారు. ఆయన భార్య లక్ష్మీకాంతమ్మ గారు ఆస్పత్రికి పట్టుకెళ్లే క్యారేజీ కోసం అన్నం వారుస్తున్నారు. మీ బండి ఎంత ఆలస్యంగా వస్తుందో మాకు తెలీదా, అందుకే ముందుగా ఫోన్ చేశాం అన్నారావిడ. అరగంట నిలబడ్డాను. అయినా ఇంత హుషారుగా బండి తోలి ఎన్నాళ్లయిందో.

సలాంతో,
నీ అన్న నవాజ్

బందరు,
జూన్ 17

భయ్యా,

కోపం తెచ్చుకోకు. నీ చుక్క ప్రతి ఇంటి ముందూ అరగంట కదలడం లేదు. నువ్వు తొందరగా చేరుతున్నావు, రోగి మాత్రం పాత టైముకే ఆస్పత్రికి వస్తున్నాడు. డ్రైవరు టీ తాగుతున్నాడా అని ఆఫీసరు గారు అడిగారు. మా అన్న టీ ముట్టడండీ అన్నాను గానీ ఏడుపొచ్చింది. ఇంక పదమూడు రోజులే ఉంది. ఏదో ఒకటి చెయ్యి.

దిగులుతో,
నీలోఫర్

అవనిగడ్డ,
జూలై 2

ప్రియమైన నీలూ,

యంత్రాలు ఉంచేస్తున్నారన్న నీ కబురు చదివి ఇక్కడ స్టాఫందరికీ మిఠాయి పంచాను. ఎలా కుదిరిందో విను. సెలవు రోజుల్లో ఊరూరా తిరిగి, బండి ఇప్పుడు తొందరగా వస్తుంది, ఫోన్ చెయ్యగానే సిద్ధంగా ఉండండని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. చివరికి లక్ష్మీకాంతమ్మ గారిని బండెక్కించి తెర చూపించాను. అందులో తన ఇల్లు వెతుక్కుని, అవనిగడ్డ నుంచి పద్దెనిమిది నిమిషాలని చదువుకుని, ఊరంతా ఆవిడే చాటారు. అప్పట్నుంచి ఏ ఇంటికెళ్లినా సంచీ పట్టుకుని వీధిలోనే ఉంటున్నారు.

నాలుగు రోజుల క్రితం పాండురంగ గారికి మళ్లీ ఆయాసం. ఈసారి పెదాలు నీలమయ్యాయి. గట్టు మీద గేదెలు అడ్డొచ్చి నాకు కాస్త ఆలస్యమైంది. నేను వెళ్లేసరికి ఆయన్ని మంచంతో సహా గుమ్మం బయటికి తెచ్చి ఉంచారు. నిమిషంలో ఎక్కించాం. ఇంకో పావుగంట దాటితే దక్కేవారు కాదని డాక్టరు గారు అన్నారు.

ఆయన ఊపిరి కుదుటపడ్డాక లక్ష్మీకాంతమ్మ గారు నా దగ్గరికొచ్చారు. దీవిస్తారేమో అనుకున్నాను.

"పద్దెనిమిదన్నావు నాయనా, ఇరవై అయింది. ఆ రెండు నిమిషాలూ ఏం చేస్తున్నావు?"

పన్నెండేళ్లుగా ఈ బండి తోలుతున్నాను నీలూ. గంట ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనేవారు కారు, మేమింతేనని సరిపెట్టుకునేవారు. రెండు నిమిషాలకి చీవాట్లు తినడం ఇదే మొదలు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఒక్కణ్నే నవ్వుకున్నాను.

సంతోషంతో,
నీ అన్న నవాజ్