మూత కప్పులో టీ

నిన్న సాయంత్రం ముందుగదిలో మొదట వియ్యంకుడుగారు, తరువాత వియ్యపురాలుగారు, ఆ పక్కన కోడలు, చివర నేను కూర్చుని ఉండగా, నీవు వచ్చి నా చేతిలోని కప్పు తీసేసుకున్నావు. "ఒలకబోస్తారు నాన్నా, ఇందులో తాగండి" అంటూ పసిపిల్లల మూత కప్పు అందించావు. వియ్యంకుడుగారు నవ్వారు. నీవు అంతటితో ఆగక, "ఈ వణుకుతో టేబుల్ టెన్నిస్ ఏంటండీ మామయ్యా, రేపట్నుంచి క్లబ్బు మాన్పించేస్తున్నా" అని ఆయనతో అన్నావు.

కాబట్టి నీ టీ ఆ మూత కప్పులోనే పోసి బల్లపై ఉంచాను. మిగిలిన కప్పులు అలమరలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా జేబులో ఉన్నది. దోసిలి పట్టి తాగదలచుకుంటే అభ్యంతరం లేదు.

సాయంత్రం అయిదు గంటలకు క్లబ్బుకు రావలెను. నా ప్రత్యర్థిగా నీ పేరు బోర్డు మీద రాయించాను. వియ్యంకులకు ముందు వరుసలో కుర్చీలు వేయించాను. నేను ఓడితే బ్యాటు నీకు అప్పగించి ఇంట్లో కూర్చుంటాను. నీవు ఓడితే వారి ఎదుటే నాకు క్షమాపణ చెప్పాలి. పార్కిన్సన్స్ నా చేతిని వణికిస్తున్న మాట నిజమే. ఆ చేయి వేసే బంతి ఎటు తిరుగుతుందో నాకే తెలియదు, నీకేం తెలుస్తుంది?

బూట్లు వేసుకుని రా. చెప్పులతో వచ్చి జారిపడితే లేవదీసే ఓపిక నాకు లేదు.

మరొక మాట. రోజూ నీవు నిద్ర లేవకముందే క్లబ్బుకు వచ్చి నాతో ఆడుతూ, జాలిపడి ఒక్క బంతి కూడా మెల్లగా వేయనందుకు కోడలికి నా కృతజ్ఞతలు ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.