మగ్గాల హాల్లో నీ కిటికీ

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేనూ మీ అల్లుడూ బాగానే ఉన్నాం. అక్కడ నీ మోకాళ్ళూ, అన్నయ్య రక్తపోటూ కుదురుగా ఉన్నాయనుకుంటాను. ముందు ఒక మాట అడిగేస్తాను, లేకపోతే ఎప్పటిలా ఈసారీ మింగేస్తాను. నా చిన్నప్పుడు నువ్వు మిల్లు నుంచి వచ్చి నాతో గొంతు లేకుండా ఉత్త పెదాలతో మాట్లాడేదానివి. అది అలసటా? అలవాటా? నా మీద విసుగా? ఇన్నేళ్ళుగా తెలియదు.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవి చెబుతాను. మిల్లుని కూలగొట్టడం లేదు. పాత కట్టడమని బయటి ఇటుక గోడల్ని ముట్టుకోవద్దన్నారు. లోపల మాత్రం కింద దుకాణాలు, పైన అద్దె ఇళ్ళు. ప్లాన్లన్నీ నేను గీసినవే. "ఆ దుమ్ములో ఎవరుంటారే, దగ్గడానికి అద్దె కట్టాలా?" అని రాశావు. దూలాల మీది దూది దులిపిస్తే బస్తాలకొద్దీ వచ్చింది. "మేడమ్, ఇంటికో పరుపు ఉచితమని బోర్డు పెట్టేద్దామా?" అన్నాడు మేస్త్రీ. పైన హాల్లో నీ మగ్గం పక్క కిటికీ ఉందిగా. తుప్పు గీకించి అద్దాలు మార్పించాను. నూలు ఎండి తెగిపోతుందని మీ రోజుల్లో తెరవనిచ్చేవాళ్ళు కాదుగా, ఇప్పుడు తెరుచుకుంటోంది.

హాల్లో అడ్డుగోడలు లేచేలోపు ఒక్కసారి చూసుకుంటామని పాతవాళ్ళు అడిగితే రమ్మన్నాం. నీ పక్క మగ్గం పొడుగత్త వచ్చింది. హాలంతా ఖాళీ, ఒక్క చప్పుడు లేదు. అయినా ఆవిడ ఈ చివర, ఇంకో పెద్దావిడ ఆ చివర నిలబడి, చేతులు తిప్పుతూ పెదాలతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మేస్త్రీ కంగారుగా, "ఏంటి మేడమ్, ఇద్దరికీ ఒకేసారి మాట పడిపోయిందా?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. అంతలో పొడుగత్త నావైపు తిరిగి, అలాగే గొంతు లేకుండా, "మీ అమ్మ ఏదే?" అంది. నువ్వు తప్ప నాతో అలా మాట్లాడినవాళ్ళు లేరమ్మా. నేనూ పెదాలతోనే, "అన్నయ్య దగ్గరుంది" అన్నాను.

తర్వాత మెట్ల మీద కూర్చుని నా ప్రశ్న ఆవిడనే అడిగాను.

"పిచ్చిదానా! ఆ మగ్గాల మోతలో అరిచేవన్నీ పని మాటలే. మనసులోది ఎవరైనా అరుస్తారా? సూపర్‌వైజర్ని తిట్టుకోవాలన్నా, కడుపులో బాధ చెప్పుకోవాలన్నా పెదాలే. మీ అమ్మ నిన్ను మాలో కలుపుకుందే!"

నమ్మాలనే ఉంది. కానీ ఎదుటివాళ్ళ మొహం చూసి మాటకి తీపి అద్దే మనిషని ఆవిణ్ణి నువ్వే అనేదానివి.

ఇక దాచలేను. ఆ కిటికీ ఉన్న ఇల్లు నేనే అద్దెకు తీసుకున్నాను, మనం ముగ్గురం ఉండడానికి. "మీ అమ్మగారిని అడిగావా?" అన్నారు మీ అల్లుడు. ఫోను నీకు వినబడదు. వీడియోలో నీ పెదాలు ఆగి ఆగి కదులుతాయి, సగం మాట దారిలోనే పోతుంది. నువ్వు నా ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే చూడాలని ఎంతగా ఉందో.

కానీ నీ చెవులు పోయింది ఆ గోడల మధ్యే. వాటికి కొత్త రంగు వేసి, తలుపుకి నంబరు తగిలించి, అందులో పడుకోమంటే అది నీకు ఇల్లవుతుందా, మళ్ళీ షిఫ్టుకి పిలిచినట్టవుతుందా? నీ కోసమని చెప్పుకుంటూ నా కోసమే అడుగుతున్నానేమో కూడా. రమ్మని రాద్దామనే కూర్చున్నాను. ఇంత రాశాక కూడా, రమ్మనాలో వద్దో నేను తేల్చుకోలేకపోతున్నాను.

ఇట్లు,
నీ చిన్నది