డోర్ నంబరు లేని ఊరు

1978 ఆగస్టు, మంగళవారం

ఈరోజు మా ఆఫీసరు మూర్తిగారికి చెప్పకుండా ఒక కార్డు మార్చేశాను.

గాలివానకు వలలు పోయిన జాలరి కుటుంబాలకు కొత్త వలలు ఇవ్వడానికి వాళ్ల పేర్లు కంప్యూటర్లోకి ఎక్కించే ప్రోగ్రాంలో, దొంగ పేర్లు దూరకుండా కిందటి వారమే నేనొక తనిఖీ చేర్చాను. ఏ గడిలో ఏముండాలో చెప్పే రూల్స్ విడిగా, కంప్యూటర్ చదివే అట్ట కార్డుల మీద చిల్లులుగా పంచ్ చేయించాను. రూలు మారితే ఆ ఒక్క కార్డు మారిస్తే చాలు. డోర్ నంబరు గడి ఖాళీగా ఉండకూడదన్నది మూర్తిగారి రూలు.

పొద్దున చూస్తే ఒక ఊరు ఊరంతా, కంప్యూటర్ తిరస్కరించిన పేర్ల లిస్టులో ఉంది. ఆ ఊరి నుంచి పోలమ్మ అనే ఆవిడ వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"మా గుడిసెలకి నంబర్లు ఎవరేశారమ్మా? వల లేకపోతే మేమేం తినాలి?" అంది.

ఆ ఊరికి ఈ రూలు తీసేయొచ్చా అని మూర్తిగారిని అడిగాను.

"రూలు తీసేస్తే దొంగ పేర్లన్నీ దూరతాయమ్మా. సాయంత్రానికి లిస్టు పంపించెయ్," అని ఆయన గన్నవరం వెళ్లిపోయారు.

నాలుగింటికి ఆ కార్డు తీసేశాను. డోర్ నంబరు లేకపోతే ఇంటి పెద్ద పేరు, తండ్రి పేరు ఉంటే చాలన్న కొత్త కార్డు పెట్టాను. ఊరంతా లిస్టులోకి వచ్చింది. అప్పటిదాకా అక్కడే కూర్చున్న పోలమ్మ తన పేరెక్కడో చూపించమని అడిగి, ఆ అక్షరాలను వేలితో తడిమింది.

లిస్టు వెళ్లిపోయింది. అందులో దొంగ పేరు ఒక్కటైనా ఉందేమో నాకు తెలియదు. రేపు మూర్తిగారు అడగకముందే నేనే చెప్పాలి. ఉద్యోగం పోతే పోనీ అనుకునే ధైర్యం లేదు. పాత కార్డు తిరిగి పెట్టే మనసూ లేదు...